సైన్సు గది బల్ల మీద మచ్చలు

వడ్రంగి మేస్త్రికి ఒక అలవాటుంది. ఎవరింటికి పనికి పిలిచినా ముందు నోరు విప్పడు. తలుపు దగ్గరికో బల్ల దగ్గరికో వెళ్ళి, అరచేయి ఆనించి, కళ్ళు సగం మూసుకుని నిదానంగా తడుముతాడు. పైన తడిమాక వంగి అడుగున తడుముతాడు. ఇంటివాళ్ళు ఎన్నాళ్ళు పడుతుంది, ఎప్పుడు మొదలెడతావు అని గుక్క తిప్పుకోకుండా అడుగుతున్నా పలకడు. ఈ మనిషికి చెవుడేమోనని వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకునేసరికి లేచి నిలబడి, ఆ ఇంటి గుట్టంతా విప్పి అరుగు మీద పెడతాడు. "ఈ మంచం నాలుగిళ్ళు మారొచ్చింది. ఈ తలుపుని ఎవరో రోజూ కాలితో తన్ని తెరుస్తున్నారు. ఈ బల్ల దగ్గర కూర్చుని ఎవరూ భోంచెయ్యరు, ఉతికిన బట్టలు కుప్ప పోస్తారు." ఇంటావిడ మొహం కందగడ్డవుతుంది. చెప్పినవన్నీ నిజాలే కాబట్టి పని మాత్రం ఆయనకే దొరుకుతుంది.

వెనకాల అందరూ తడుముడు మేస్త్రి అంటారు, ఎదురుగా మేస్త్రి అంటారు. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనపడదు. మనుషుల్ని అడిగితే తమకి కావలసింది చెబుతారు, కలపని అడిగితే జరిగింది చెబుతుంది అని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతో పాతికేళ్ళు బతికాడు, ఎక్కడా తప్పులో కాలు వెయ్యలేదు. వేసింది ఒక్కసారే. అది కూడా సొంత కూతురి విషయంలో.

కూతురు ఒక్కతే. పిడుగు అంటారు ఇంట్లో. ఆ పిల్ల కూడా పిలుపుకి తగ్గట్టే ఎక్కడ పడితే అక్కడ పడుతుంది. ఐదో తరగతి సెలవుల్లో వాళ్ళ నాన్న పాలిష్ అడుగంటిన డబ్బాలో వాళ్ళమ్మ వంటసోడా, నిమ్మరసం కలిపి మూత బిగించింది. మూత వెళ్ళి ఇంటి కప్పుకి కొట్టుకుంది. కప్పు మీద గోధుమరంగు మరక, పిల్ల నుదుటి మీద బొప్పి, చేతిలో మాత్రం నోటుపుస్తకం. ఎన్ని చెంచాలు వేసింది, ఎంతసేపు ఊపింది, మూత ఎంత ఎత్తు లేచింది, అన్నీ రాసుకుంది. కొట్టడానికి చెయ్యెత్తిన తల్లి ఆ పుస్తకం చూసి చెయ్యి దించేసింది.

తల్లి ఒక రక్తపరీక్షల ల్యాబులో గాజు గొట్టాలు కడిగే పని చేస్తుంది. అంచు విరిగినవి పారేయమంటే, వాడనివి ఏరుకుని, మరిగించి, మళ్ళీ మరిగించి ఒకటీ అరా ఇంటికి తెస్తుంది. అవి కిటికీలో వరసగా నిలబడి ఉంటాయి, ఒకదాంట్లో సిరా నీళ్ళు, ఒకదాంట్లో సుద్ద, ఒకదాంట్లో ఏముందో ఆ పిల్లకే తెలియాలి. ల్యాబులో ఒక అద్దాల తలుపుంది. ఇవతల గొట్టాలు కడిగేవాళ్ళు, అవతల మైక్రోస్కోపులో చూసేవాళ్ళు. తన కూతురు ఆ తలుపుకి అవతల కూర్చోవాలి, ఆవిడ కోరిక ఇంతే. ఈ మాట బయట ఎవరితోనూ అనలేదు. మొగుడితో మాత్రం వారానికి నాలుగుసార్లు అనేది.

ఆరో తరగతికి రెండే దారులు. పెద్ద రోడ్డు చివర ప్రభుత్వ బడి, కొత్త కాలనీలో ప్రైవేటు బడి. ఏది మంచిదో చెప్పడానికి వీధిలో మనుషులు కొరత కాదు. టీ కొట్టాయన ఒకటి చెప్పాడు, క్షవరం చేసేవాడు దానికి సరిగ్గా ఎదురు చెప్పాడు, ఇద్దరికీ పిల్లల్లేరు. కన్నవాళ్ళకి లేని దిగులు ఊరందరికీ ఉంటుంది కదా! ప్రైవేటు బడి ఫీజు ఆ దంపతులకి బరువే గాని మొయ్యలేనంత కాదు. ఆవిడ ఆదివారం కూడా పనికెళితే, ఆయన ఇప్పటిలాగే ఏ వ్యసనమూ అంటించుకోకుండా ఉంటే గట్టెక్కుతారు. కాబట్టి డబ్బు సంగతి ఇక్కడితో వదిలేద్దాం. ఎటు పంపితే పిల్ల చేతులు ఊరుకోకుండా ఉంటాయి? అదీ ప్రశ్న.

మేస్త్రి చదువుకున్నది ఆ ప్రభుత్వ బడిలోనే, పదో తరగతి దాకా. ఈ సంగతి కూడా మనసులో పెట్టుకోండి. ఆయన పెట్టుకోలేదు, లేదా పెట్టుకోలేదని అనుకున్నాడు.

సెలవుల్లో రెండు బళ్ళలోనూ ఆయనకి పని తగిలింది. ముందు ప్రైవేటు బడి. పెద్ద హాలు తలుపులకి పాలిష్, మూడు రోజుల పని. మూడో రోజు వరండాలో డబ్బాలు సర్దుకుంటుంటే సైన్సు గది తెరిచి ఉంది. కాలు ఆగలేదు. గాజు సీసాలు పొడుగు వరసన నిలబెట్టి ఉన్నాయి, చీటీలన్నీ ముందుకే తిరిగి ఉన్నాయి. మధ్యలో మంచి టేకు బల్ల. అరచేయి ఆనించాడు. నిన్న పాలిష్ పెట్టినట్టుంది. గీత లేదు, చుక్క లేదు. వంగి అడుగున తడిమితే ఒక్క బబుల్‌గమ్ ముద్ద కూడా తగల్లేదు. పిల్లలు తిరిగే గదిలో బల్ల అడుగున బబుల్‌గమ్ లేదంటే అక్కడ పిల్లలు తిరగరని అర్థం. మేస్త్రి పెదవి విరిచి బయటికొచ్చాడు.

తరువాతి వారం ప్రభుత్వ బడిలో విరిగిన బెంచీలకి కాళ్ళు బిగించాలి. మేకుల కోసం సామాన్ల గది తాళం అడిగితే అటెండరు తాళాల గుత్తి మొత్తం చేతిలో పెట్టాడు. వరండా చివర సైన్సు గది, దాని తాళం కూడా తీశాడు. లోపల అదే పాత బల్ల, మంచమంత బల్ల. దాని ఒంటినిండా మచ్చలే. స్పిరిట్ దీపం కాల్చిన గుండ్రటి నల్ల మరకలు, యాసిడ్ తిన్న గుంటలు, సిరా, బ్లేడుతో చెక్కిన పొడి అక్షరాలు. అరచేయి ఆనిస్తే చాలు, ఒక గుంటలోంచి ఇంకో గుంటలోకి వేళ్ళు జారుతున్నాయి. ఎడమ మూల దగ్గర చెయ్యి ఆగింది. బొటనవేలంత గుంట. అది తనదే.

ఎనిమిదో తరగతి. యాసిడ్ సీసా చెయ్యి జారింది. బల్ల బుసబుసా పొంగింది. పిల్లలంతా నవ్వుతుంటే ఏడుపు ముంచుకొచ్చింది. సైన్సు మాస్టారు దగ్గరికొచ్చి తిట్టలేదు. "పుస్తకం తియ్యి. ఏం పోశావు, ఎంత పోశావు, ఏం జరిగింది, అన్నీ రాయి" అన్నారు. బడిలో చదివిన పదేళ్ళలో మేస్త్రి ఎవరూ బలవంతపెట్టకుండా రాసిన పేజీ అదొక్కటే. ఆ గుంటలో బొటనవేలు పెట్టి చూసుకుంటే కళ్ళు చెమర్చాయి. ఇంకేం కావాలి? అక్కడ బల్ల అద్దంలా ఉంది, ఇక్కడ బల్ల మీద పిల్లలు బతికారు. విషయం తేలిపోయింది.

ఇంటికి గాల్లో తేలుతూ వచ్చాడు. "ఇదిగో, మన పిల్ల నా బడికే" అని గడపలోంచే కేక వేశాడు. చేతులు తిప్పుతూ రెండు బల్లల కథా చెప్పాడు. భార్య బట్టలు మడత పెడుతోంది. మొగుడి మొహంలోకి ఒకసారి చూసి, ఏదో అనబోయి, చేతిలో ఉన్న చొక్కాని విప్పి మళ్ళీ మడత పెట్టింది. "సరేనండి" అంది. అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు ఆవిడ. వేరే రోజైతే మేస్త్రికి అనుమానం వచ్చేది.

ఆనందం ఒకచోట ఆగదు. వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకున్నావిడ దగ్గర కూడా ఒలకబోశాడు. ఆవిడ కూతురూ పిడుగూ ఐదేళ్ళు ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళు. ఆవిడకి ప్రైవేటు బడి అన్న ఆలోచనే లేదు. బడికి పంపాలా, బండి పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టాలా అన్నదే ఆవిడ తర్జనభర్జన. మేస్త్రి చెప్పిందంతా ఇస్త్రీ పెట్టె ఆపకుండానే వింది.

"తమ్ముడూ, నీ కూతుర్ని అక్కడే వేస్తున్నావా మరి?"

"రేపే వేస్తున్నా అక్కా."

"అయితే సరే. మా దాన్నీ తోలుకెళ్ళు. స్టూలు సంగతి తర్వాత చూద్దాం."

మర్నాడు ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని వెళ్ళి చేర్చి వచ్చాడు. పెద్ద టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుంటూ పేర్లు రాసుకుంది. మేస్త్రి హుషారులో ఉన్నాడు. "అమ్మా, ఆ సైన్సు బల్ల కాలు ఊగుతోంది. నేను ఊరికే బాగుచేసి ఇస్తాను. బడి తెరిచేలోపు తెచ్చి పెడతా" అన్నాడు. ఆవిడ కాస్త నీళ్ళు నమిలింది. "ఎందుకండీ మీకు శ్రమ, ఇప్పుడంత అవసరం..." అని ఆగిపోయింది. మొహమాటం కాబోలనుకున్నాడు మేస్త్రి. రిక్షా బండి మాట్లాడి బల్లని తన షెడ్డుకి తెచ్చుకున్నాడు.

షెడ్డులో పిడుగు బల్ల చుట్టూ ఈగలా తిరిగింది. వాళ్ళ నాన్న మచ్చ చూసింది, తన బొటనవేలు అందులో పెట్టి చూసింది, వేలు చిన్నదైపోయిందని చెప్పింది. మేస్త్రి కాలు ఊడదీసి కొత్త చీల కొట్టే పనిలో ఉన్నాడు.

"నాన్నా, అన్నిటికంటే కొత్త మచ్చ ఏది?"

"వెతుకు. కొత్త కోత లోపల చెక్క పాలిపోయి ఉంటుంది, లేత రంగు. పాతబడే కొద్దీ పైరంగులో కలిసిపోతుంది. కాలిన మరకైతే గోరుతో గీకు. కొత్తదైతే మసి అంటుతుంది, పాతదైతే అంటదు."

పిల్ల వెతికింది. గీకింది. గోరు చూపించింది. మసి లేదు. ఇంకోటి గీకింది. "నాకు రావట్లేదు నాన్నా, నువ్వు చూడు" అంది. మేస్త్రి సుత్తి పక్కన పెట్టి లేచాడు. టార్చి తెచ్చాడు. ఒక మూల నుంచి మొదలుపెట్టి గుంట గుంటా చూసుకుంటూ రెండో మూలకి వచ్చాడు. గుంటల్లో దుమ్ము గట్టిపడి ఉంది, సూదితో తవ్వితే పెచ్చులుగా లేచింది. చెక్కిన అక్షరాల లోపలి రంగూ బల్ల పైరంగూ ఒకటే. ఎన్నిసార్లు తడిమినా ఏడెనిమిదేళ్ళ లోపుది ఒక్క మచ్చ కూడా లేదు.

"అన్నీ పాతవేనా?"

"పాతవే."

"అయితే ఇప్పుడు ఎవరూ ఏం చెయ్యట్లేదా అక్కడ?"

మేస్త్రి టార్చి ఆర్పేశాడు. ఊరందరి గుమ్మాలూ తడిమి ఏ కోత ఏ ఏడాదిదో చెప్పే మనిషి, తన బడి బల్ల ముందు మాత్రం కళ్ళుండి గుడ్డివాడైపోయాడు. ఆ రోజు ఆ గదిలో ఆయన బల్లని చూడనే లేదు, తన ఎనిమిదో తరగతిని చూసుకుని మురిసిపోయాడు. కలప నిజమే చెప్పింది. విన్నవాడికి వినే ఓపిక లేకపోయింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. కూతురి ఎదుట కావడంతో ఇంకాస్త ఎక్కువ కాలాయి.

పొద్దున్నే బడికి వెళ్ళాడు. ఈసారి దేన్నీ తడమలేదు. "అమ్మా, సైన్సు టీచరు ఉన్నారా లేరా?" అని నిలబడే అడిగాడు.

పెద్ద టీచరమ్మ పెన్ను మూత పెట్టింది. "ఎనిమిదేళ్ళయింది, పోస్టు ఖాళీ. లెక్కల టీచరే పాఠం చదివి వినిపిస్తుంది, పాపం. పాఠం కోసం ఆ గది తాళం తీసి కూడా చాలా కాలమైంది."

"చేర్చిన రోజే చెప్పొచ్చు కదమ్మా?"

"చెప్పాలి. మీరు అంత సంబరంగా వస్తే నోరు రాలేదు." ఆవిడ దాచలేదు, సాకులూ చెప్పలేదు. "ఆరో తరగతిలో నలభైమంది చేరితే టీచరుని ఇస్తామన్నారు విద్యాశాఖ ఆఫీసువాళ్ళు. మీ ఇద్దరు పిల్లలతో కలిపి ముప్ఫై ఎనిమిది. ఇంకా మూడు రోజులుంది. అలా అని మీ అమ్మాయిని ఉంచండని నేను అడగను మేస్త్రిగారూ. నలభైమంది చేరినా ఇస్తారన్న నమ్మకం నాకే లేదు. నా బాధ మీ పిల్ల నెత్తిన ఎందుకు పెట్టాలి?"

అడగను అంటే కాళ్ళకి బంధం పడినట్టయింది మేస్త్రికి. అడిగి ఉంటే కోప్పడి వచ్చేసేవాడు.

ఇంటికొచ్చి భార్యకి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ గొట్టాలు కడిగి కడిగి తెల్లగా నానిపోయిన వేళ్ళు కొంగుకి తుడుచుకుంటూ వింది. ఆశ్చర్యపోలేదు. అప్పుడు తట్టింది మేస్త్రికి.

"నీకు ముందే తెలుసా?"

"తెలుసు. నెల కిందే వెళ్ళి అడిగొచ్చాను. టీచరు ఉన్నారా అంటే లేరన్నారు. అంతే కదా, అడిగితే చెబుతారు."

"మరి నాతో ఒక్కమాట అనలేదేం?"

"ఆ రోజు ఆ బల్ల చూసి చంటిపిల్లాడిలా పరిగెత్తుకొచ్చారు. మీ బడి బాగాలేదని నేనంటే, మీ చదువు బాగాలేదన్నట్టు అవుతుంది. మిమ్మల్నే తక్కువ చేసినట్టు అవుతుంది. నాలుగు రోజులాగితే మీకే తెలుస్తుందిలే అనుకున్నా. చెక్క ముక్క చూసి జాతకం చెబుతారు కదా, ఇది కనపడదా అనుకున్నా."

ఆ చివరి మాటలో కాస్త కారం ఉంది. ఉండాలి కూడా. నెల రోజులు ఈ దిగులు ఒంటరిగా మోసింది ఆవిడ. మేస్త్రి తల దించుకుని కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ తను కూతురి కోసం ఆలోచిస్తున్నాననుకున్నాడు. ప్రైవేటు బడిలో వేస్తే, నేను చదివింది పనికిరాని చదువు అని లోకం ముందు ఒప్పుకున్నట్టవుతుందని భయపడ్డాడు. అంతే. ఆ భయానికి ఒక బల్లని సాక్ష్యం తెచ్చుకున్నాడు.

"నలభైమంది నిండితే టీచరుని ఇస్తారట" అన్నాడు.

"ఎప్పుడు?"

"అది చెప్పలేరట."

"పిల్ల ఆరో తరగతి ఈ ఏడే చదువుతుంది" అంది భార్య.

మర్నాడు ప్రైవేటు బడికి వెళ్ళారు, ఇద్దరూ కలిసి, పిల్లతో సహా. అక్కడ సైన్సు సార్ కుర్రాడు, ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. సైన్సు గదిలోనే దొరికాడు. బుద్ధొచ్చిన మేస్త్రి ఇక్కడా సూటిగానే అడిగాడు. "సార్, మీ గదిలో పిల్లలు చేత్తో చేస్తారా, కళ్ళతో చూస్తారా?"

సార్ తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "చూస్తారండీ. నేను చేస్తాను, వాళ్ళు చుట్టూ నిలబడి చూస్తారు. ఆ బల్ల ఖరీదైంది. చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులకి ముందు చూపించేది ఆ గదే. మచ్చ పడితే ప్రిన్సిపాల్ మేడమ్ ఊరుకోరు. నాక్కూడా చేయించాలనే ఉంది."

పిడుగు మొహం వాడిపోయింది. తల్లి మొగుడి వైపు చూసింది. ఇప్పుడేమంటారు అన్నట్టు చూసింది. అక్కడ మచ్చలున్న బల్ల, టీచరు లేరు. ఇక్కడ టీచరున్నాడు, మచ్చ పడకూడదు. మేస్త్రి కాసేపు ఆ బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఆయనకి తెలిసిన విద్య ఒక్కటే. టీచర్ని తను తయారు చెయ్యలేడు. బల్ల చెయ్యగలడు.

సార్‌ని వెంటబెట్టుకుని ప్రిన్సిపాల్ గదికి వెళ్ళారు. కూర్చోమన్నా మేస్త్రి కూర్చోలేదు. "మేడమ్, మీ బల్ల మీద ఒక పలుచటి పలక పరుస్తాను. అంచులు కలిసేటట్టు, ఊడదీస్తే వచ్చేటట్టు. పిల్లలు ఏం చేసుకున్నా దాని మీదే పడుతుంది. ఎవరైనా చూడటానికి వస్తే తీసి పక్కన పెట్టుకోండి. ఏటా సెలవుల్లో నేనే మారుస్తాను, నాకేమీ ఇవ్వక్కర్లేదు. వారానికి ఒక్క పీరియడు పిల్లల చేత చేయించండి."

మేడమ్ ఆయన్ని ఎగాదిగా చూసింది. అడ్మిషన్‌కి వచ్చిన వాళ్ళు ఫీజు తగ్గించమని అడగడం ఆవిడ ఎరుగును, ఇలాంటి బేరం ఎరగదు. "మీ అమ్మాయి ఒక్కదాని కోసమా?" అంది.

"అందరి చేతా చేయించండి. మా అమ్మాయి కూడా చేస్తుంది."

"బల్లకి ఏమైనా అయితే?"

"అది నా పూచీ."

ఆవిడ సార్ వైపు చూసింది. సార్ తల ఎంత గట్టిగా ఊపాడంటే కళ్ళజోడు జారింది. "ఒక టర్ము చూద్దాం" అంది ఆవిడ. పత్రాలు తీయమని గుమాస్తాకి చెప్పింది. బయటికి వచ్చాక మేస్త్రి భార్య గేటు దాకా ఆయన మోచెయ్యి పట్టుకుని నడిచింది. పెళ్ళయిన కొత్తలో తప్ప ఆవిడ వీధిలో అలా నడిచింది లేదు.

ఇక్కడ కథ ఆపేస్తే బాగానే ఉంటుంది. కానీ మేస్త్రి ఆగడానికి లేదు. ప్రభుత్వ బడిలో రాయించిన పేరు కొట్టేయించాలి.

పెద్ద టీచరమ్మ రిజిస్టరు తీసింది. స్కేలు పెట్టి, వంకర పోకుండా ఒక గీత గీసింది. ముప్ఫై ఎనిమిది ముప్ఫై ఏడయింది. "మంచి పని చేశారు" అంది. మనస్ఫూర్తిగానే అంది. తిట్టినా బాగుండేదనిపించింది మేస్త్రికి. సంతకం పెట్టి, బల్ల రేపు తెచ్చి దింపుతానని చెప్పి, వెనక్కి చూడకుండా వచ్చేశాడు. చదువుకున్న రోజుల్లో కూడా ఆ గేటు అంత తొందరగా దాటలేదు.

ఇంట్లో పిడుగు కొత్త బడి పుస్తకాల జాబితా పట్టుకుని కూర్చుంది. "నాన్నా, మరి అది?" అంది. అది అంటే ఇస్త్రీ ఆవిడ కూతురు. "దాన్ని కూడా మార్పిద్దాం నాన్నా. అది లేకుండా నేనెవరి పక్కన కూర్చోవాలి?"

"చూద్దాం తల్లీ" అన్నాడు. చూడటానికేమీ లేదని ఇద్దరికీ తెలుసు. ఇస్త్రీ అక్క ముందున్నవి ఆ బడి, లేకపోతే స్టూలు. ఆ బడిలో వెయ్యమని చెప్పిందీ, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి వేసిందీ తనే. ఇవాళ తన పిల్లని మాత్రం చల్లగా తప్పించుకుని వచ్చాడు. ఈ మాట ఆవిడకి వేరేవాళ్ళు చెప్పకముందే తను చెప్పాలి. చెప్పులు వేసుకుని బయల్దేరాడు గాని, వీధి మలుపు దాకా ఆ రెండు నిమిషాల నడక ఎంతకీ తరగలేదు.

ఆవిడ ఒక చొక్కా కాలర్ మీద నీళ్ళు చిలకరిస్తోంది. మేస్త్రి బండి గుంజ పట్టుకుని నిలబడి అంతా చెప్పాడు. బల్ల మీద మచ్చలన్నీ పాతవని, టీచరు లేదని, తను తప్పు చూశానని, తన పిల్లని మార్పించేశానని. ఎక్కడా దాచలేదు. "నా మాట విని నువ్వు చేర్చావు అక్కా. నేను నిన్ను ముంచాను" అన్నాడు.

ఆవిడ ఇస్త్రీ పెట్టె కాలర్ మీద ఆనించింది. "టీచరు లేదని నాకు ముందే తెలుసు తమ్ముడూ. ఆ బడి అటెండరు చొక్కాలు నా దగ్గరికే వస్తాయి. ఆ గదికి తాళమేసి ఎన్నేళ్ళయిందో కూడా చెప్పాడు."

"తెలిసీ ఎందుకు చేర్చావు మరి?"

"నీ కూతురు అక్కడే ఉంటుందన్నావుగా." కాలర్ తిప్పి రెండో వైపు రుద్దింది. "నేనెళ్ళి ఆఫీసు మెట్ల మీద నిలబడితే ఎవడు పట్టించుకుంటాడు? పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిలబడినా ఎందుకొచ్చావని అడగరు. నువ్వు ఊరుకోవు. నీ పిల్లకి టీచరు లేదని తెలిస్తే ఎన్ని గుమ్మాలైనా ఎక్కుతావు, పోట్లాడి తెప్పిస్తావు. వచ్చిన టీచరు నీ పిల్లకొక్కదానికే చెప్పదు కదా, మా దానికీ చెబుతుంది అనుకున్నా."

మేస్త్రి గుంజ వదిలి, మళ్ళీ పట్టుకున్నాడు. ముప్ఫై ఎనిమిదిలో ఒకటి తీసేశాననే అనుకున్నాడు ఇప్పటిదాకా. ఆ బడిలోంచి తను తీసుకొచ్చింది ఒక్క పేరు కాదని అప్పుడు తెలిసింది.

"నేనొస్తాను అక్కా" అన్నాడు. "అర్జీ నేనే రాయిస్తాను. ఆఫీసుకి నేనే వస్తాను. పెద్ద టీచరమ్మని కూడా తీసుకెళ్దాం."

ఆవిడ పెట్టెని పక్కన నిలబెట్టి, మొదటిసారి తలెత్తి ఆయన మొహంలోకి చూసింది.

"రా తమ్ముడూ, వద్దంటానా? ఒకసారి వస్తావు. రేపు రమ్మంటారు, రెండోసారీ వస్తావు. నీ పిల్ల లేని బడి కోసం మూడోసారి కూడా వస్తావా?"

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. జవాబు కావాలనే అడిగింది. మేస్త్రి వస్తానని అందామని నోరు తెరిచాడు, కానీ ఆవిడ కళ్ళలోకి చూస్తూ ఆ మాట అనలేకపోయాడు.